డోలు తగ్గితేనే పాట

పందిట్లో మూడు మైకులుంటాయి, స్పీకరు మాత్రం ఒకటే. మూడు మైకుల వైర్లను ఊరికే ఒకచోట ముడివేస్తే సరిపోదా అని నేను మా సైన్సు సారును అడిగాను. సరిపోదట. అలా చేస్తే ఒకదాని వోల్టేజీ ఇంకోదాన్ని లాగేస్తుంది. వాటిని సరిగ్గా కూడడానికి మిక్సరులో ఆపరేషనల్ యాంప్లిఫయరు ఉంటుంది. 1941లోనే బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ స్వార్ట్జెల్ వాక్యూమ్ ట్యూబులతో ఇలాంటి కూడిక యాంప్లిఫయరు తయారుచేశారు. ఇప్పుడు ఆ పనికి గోరంత చిప్పు చాలు.

సారు 741 అనే ఎనిమిది కాళ్ల చిప్పుతో చేసి చూపించారు. దాన్ని నడపడానికి రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెట్టారు. రెండు 1.5 వోల్టుల సెల్లులను వేరువేరుగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ల గుండా రెండో కాలికి కలిపారు. మూడో కాలు గ్రౌండుకు. ఆరో కాలు ఔట్‌పుట్టు. అక్కడి నుంచి రెండో కాలికి ఇంకో 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు. మీటరు మైనస్ 3 వోల్టులు చూపించింది. గుర్తు తిరగబడినా కూడిక తప్పలేదు.

కిటుకంతా రెండో కాలి దగ్గరుంది. చిప్పు ఆ చోటును ఎప్పుడూ దాదాపు సున్నా వోల్టుల దగ్గరే ఉంచుతుంది. నీటిమట్టం మారని తొట్టిలోకి రెండు గొట్టాలు పోస్తే ఒకదాని ధార ఇంకోదానికి అడ్డం రాదు కదా, అలాగన్నమాట. ఒక సెల్లు దారిలో 5 కిలో ఓమ్‌లు పెడితే అది రెండింతలుగా లెక్కకొచ్చి, మీటరు మైనస్ 4.5 చూపించింది. ఎవరి రెసిస్టరును బట్టి వారి వంతు.

కానీ కూడికకూ హద్దుంది. ఔట్‌పుట్టు ఆ 9 వోల్టులకు కాస్త ముందే ఆగిపోతుంది. అంతకు మించితే అల కొసలు తెగి స్పీకరు బరబరమంటుంది.

ఇది తెలిశాక మా అవ్వ గుర్తొచ్చింది. కోలాటం పాటలు మా వీధిలో ఆమెకు వచ్చినన్ని ఇంకెవరికీ రావు. వయసు పైబడి గొంతు సన్నబడింది, డోలు మోతలో మాటలు వినబడవు. "అవ్వ మైకు పెంచు" అని అందరూ అరుస్తారు. డోలు ముందే హద్దు దాకా నింపేస్తే అవ్వ పాటకు ఇక చోటెక్కడ? ముందు తగ్గించాల్సింది డోలు. వచ్చే శ్రీరామనవమికి డోలాయన కోప్పడినా సరే, ఆ మాట మైకు సెట్టు అన్నకు నేనే చెప్తాను. ఆ పాటలు వినబడితేనే కదా మేము నేర్చుకునేది.