మైలు ఎత్తులో బీరు
డెన్వర్‌ను ‘మైల్ హై సిటీ’ అంటారు. 5,280 అడుగుల ఎత్తు మరి! మెట్లెక్కితే ఆయాసమే కాదు, ఇంట్లో బీరు కెగ్ పెట్టుకున్నా ఆ ఎత్తు తెలిసొస్తుంది. హ్యూస్టన్ నుంచి మారిన మా ఫ్రెండ్, అక్కడిలాగే గ్యాస్ 12 పీఎస్‌ఐకి పెట్టాడు. బీరు చప్పగా వచ్చింది. 19 లీటర్లూ సింకులో పోసేస్తానంటే ఆపాను. జాయింట్లకి సబ్బునీళ్లు రాశాం. బుడగల్లేవు, అంటే లీకు లేదు.

అసలు సంగతి గాలిది. బయటి గాలి కంటే లోపల ఒత్తిడి ఎంత ఎక్కువో గేజ్ అంతే చూపిస్తుంది. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ, ఇక్కడ సుమారు 12.2. ఆ తేడా రెండున్నర కలిపి, వారం ఆగాం. ఇప్పుడు గ్లాసు మీద రాకీ కొండల మంచులా నురగ!

మీరూ ఎత్తైన ఊరికి మారారా? ప్రతి 2,000 అడుగులకీ దాదాపు ఒక పీఎస్‌ఐ పెంచండి.