తనానా ఒడ్డున మా వసంతం

అలాస్కాలో ఉంటామనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న చలి గురించి, రెండోది కరివేపాకు గురించి. చలి మైనస్ 40 దాకా వెళ్తుంది. కరివేపాకు సియాటిల్‌లో చదువుకునే మా అబ్బాయి వచ్చినప్పుడల్లా తెస్తాడు. వసంతం ఎలా ఉంటుందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను.

మేముండే ఫెయిర్‌బాంక్స్ ఆర్కిటిక్ వలయానికి 120 మైళ్ళు దిగువన ఉంది. ఇక్కడ వసంతాన్ని ‘బ్రేకప్’ అంటారు. నదుల మీద గడ్డకట్టిన మంచు విరిగిపోవడమన్నమాట. కొత్తగా వచ్చినప్పుడు పక్కింటి పెద్దావిడ “ఏప్రిల్‌లో బ్రేకప్ అవుతుంది, ఓపిక పట్టు” అంటే, మా కాపురం గురించి ఈవిడకెవరు ఏం చెప్పారా అని కంగారుపడ్డాను!

మార్చిలో ఇక్కడ పగలు రోజుకి దాదాపు ఏడు నిమిషాల చొప్పున పెరుగుతుంది. వారం తిరిగేసరికి ముప్పావుగంట వెలుగు అదనం. దాంతో ఆర్నెల్లు ఇళ్ళల్లో ముడుచుకున్న జనమంతా ఒక్కసారిగా బయటపడతారు. స్కీలు కట్టుకునేవాళ్ళు, కుక్కల బండ్లు తోలేవాళ్ళు, నది మంచుకి కన్నం పెట్టి చేపల కోసం కూర్చునేవాళ్ళు. మేమిద్దరం ఎప్పుడూ కిటికీలోంచి చూసి సంతోషించే రకం. మా వసంతమల్లా ఉగాదే. ఊళ్ళో ఉన్న ఐదారు తెలుగు కుటుంబాలు, వాళ్ళతోపాటు తమిళులు, మరాఠీలు, యూనివర్సిటీ పిల్లలు, అందరూ మా ఇంట్లోనే. వేపపువ్వు ఇండియా నుంచి ఎండబెట్టి తెచ్చుకున్నదే.

2019 జనవరి చివర్లో రాజమండ్రిలో మా అత్తగారు పోయారు. మూడు విమానాలు మారి, ఆ పైన కారెక్కి మావారు ఇల్లు చేరేసరికి నాలుగో రోజు. అస్థికలు అప్పటికే గోదావరిలో కలిపేశారు. తప్పెవరిదీ కాదు, దూరం అలాంటిది. కర్మలన్నీ దగ్గరుండి చేసి ఫిబ్రవరిలో తిరిగొచ్చారు. వచ్చాక మాట తగ్గిపోయింది. అన్నం తినేవారు, ఆఫీసుకి వెళ్ళేవారు, సాయంత్రం కిటికీ దగ్గర కూర్చునేవారు. ఒకరోజు ఉన్నట్టుండి, “ఇక్కడ పారే నీళ్ళు ఎక్కడున్నాయి?” అన్నారు.

నెలనెలా మాసికం మా బావగారు అక్కడ పెడుతూనే ఉన్నారు. పెద్దకొడుకు చేస్తే చాలని పురోహితుడుగారూ చెప్పారు. కానీ ఈయనకి తన చేత్తో నదిలో ఇన్ని నువ్వులూ నీళ్ళూ వదలాలని. ఊరి మధ్య చెనా నది ఉంది. పవర్ ప్లాంటు నుంచి వచ్చే వెచ్చని నీళ్ళ వల్ల అక్కడ కొంతమేర చలికాలంలోనూ గడ్డకట్టదు, బాతులు హాయిగా ఈదుతుంటాయి. అక్కడికి తీసుకెళ్తే చూసి, “ఇది నది కాదు, గీజరు” అన్నారు. మిగిలింది తనానా. యూకాన్‌లో కలిసి, బేరింగ్ సముద్రానికి పోయే పెద్ద నది. వేసవిలో హిమానీనదాల ఒండ్రుతో అచ్చం కొత్తనీరొచ్చిన గోదారి రంగులో ఉంటుంది. కానీ మార్చిలో అది కార్లు నడిచేంత మంచు. విరిగేదాకా ఆగాల్సిందే.

ఏటిసూతకం కనుక ఆ ఏడు మాకు ఉగాది లేదు. పండగ పనుల్లేని మార్చి అంటే ఎలా గడపాలో నాకు తోచలేదు. పక్కింటావిడకి మా సంగతి తెలుసు. బడిపంతులుగా రిటైరైన మనిషి, డెబ్బై దాటినా తిన్నగా నిలబడుతుంది. ఒక శనివారం మంచు మీద నడిచే స్నోషూలు రెండు జతలు తెచ్చి గుమ్మంలో పడేసి, “లేవండి” అంది, అంతే. పరామర్శ మాటలేమీ లేవు. మొదటిరోజు మావారు రెండుసార్లు పడ్డారు, నేను లెక్కపెట్టడం మానేశాను. బర్చ్ చెట్ల మధ్య ఎండ, కాళ్ళకింద కరకరమనే మంచు. ఇంటికొచ్చి ఇద్దరం చారన్నం ఆవురావురుమని తిన్నాం. తరవాత ప్రతి శనివారం అదే పని.

ఆ నెలలోనే మమ్మల్ని నెనానా పందెంలోకీ దింపింది. నెనానా మాకు నైరుతిగా సుమారు 55 మైళ్ళు. తనానా మంచు మీద అక్కడొక ‘ట్రైపాడ్’ నిలబెడతారు. పేరుకి మూడు కాళ్ళు, నిజానికి నాలుగు. దానికి కట్టిన తీగ ఒడ్డున గడియారానికి తగిలించి ఉంటుంది. మంచు కదిలి తీగ లాగితే గడియారం ఆగుతుంది. ఆ రోజూ గంటా నిమిషమూ ముందే చెప్పినవారికి డబ్బు. 1917లో రైలుమార్గం వేస్తున్న ఇంజనీర్లు 800 డాలర్లు పోగేసి మొదలుపెట్టారట. ఆ ఏడు టిక్కెట్టు రెండున్నర డాలర్లు. నేను మే 2 రాశాను, ఆయన ఏప్రిల్ 29. పందెం కోసం రాశారని నేననుకోను.

ఉగాది ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. మేం ఎవర్నీ పిలవలేదు. సాయంత్రానికి నాలుగు కార్లు ఆగాయి. “పండక్కి కాదండీ, ఊరికే చూసిపోదామని” అంటూ ఒకరు పులిహోర, ఒకరు బొబ్బట్లు, యూనివర్సిటీ అమ్మాయి చిన్న డబ్బాలో ఉగాది పచ్చడి. పెద్దలు పోయిన ఇంటికి మనవైపు చుట్టాలే వండి తెస్తారు కదా, ఆ ఆచారం వీళ్ళకెవరూ చెప్పలేదు. అందులో సగంమందికి తెలుగే రాదు.

ఏప్రిల్ 14న అర్ధరాత్రి దాటిన 21 నిమిషాలకి నెనానాలో మంచు కదిలింది. పందెం మొదలైనప్పటి నుంచీ అంత తొందరగా ఎన్నడూ విరగలేదు. అంతకుముందు అన్నిటికన్నా ముందు విరిగిన తేదీ ఏప్రిల్ 20. వాతావరణం వేడెక్కుతోందని ఊరంతా దిగులుగా చెప్పుకున్నారు, అందులో నిజముంది. మావారు మాత్రం ఆ వార్త రెండుసార్లు చదివి పేపరు మడిచి పక్కన పెట్టారు.

పక్కింటావిడ తన పెరట్లో బర్చ్ చెట్టుకి గొట్టం దిగ్గొట్టి బకెట్టు తగిలించింది కూడా అప్పుడే. సుమారు 100 గాలన్ల రసం మరగబెడితే ఒక గాలను పాకం వస్తుందట. పచ్చి రసం గ్లాసులో పోసి ఇచ్చింది. నీళ్ళలా ఉంది, చివర్న రవంత తీపి. మావారు గుటకేసి, “తాడికీ దీనికీ గీత ఒకటే, మనవాళ్ళకి కిక్కుండేది” అని నవ్వారు. జనవరి తరవాత ఆ నవ్వు వినడం అదే మొదలు. ఆవిడకి నీరా గురించీ కల్లు గురించీ విడమరిచి చెప్పేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

అత్తగారి తిథి ఏప్రిల్ ఆఖర్న వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి, పంచె మీద కోటు తొడుక్కుని, రబ్బరు బూట్లతో బయల్దేరారు. చెనా పంప్ రోడ్డు మీదుగా తనానా రేవుకి వెళ్ళాం. ఒడ్డున ఇంకా మురికి మంచు దిమ్మలు ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నాయి. నది నడుమ నీళ్ళు వడిగా పోతున్నాయి. ఆయన వంగి, బొటనవేలి మీదుగా మూడుసార్లు వదిలారు. మంత్రాలు ఫోనులో పెట్టుకున్నారు కానీ చూడలేదు. నేను వెనక కోటు పట్టుకుని నిలబడ్డాను, జారితే ఎలా అని. తల పైన కొంగలు గుంపుగా అరుస్తూ క్రీమర్స్ ఫీల్డు వైపు వెళ్ళాయి. 1966లో మూతపడిన పాలడైరీ పొలాలవి, ఇప్పుడు వలస పక్షులవి.

కారెక్కాక బావగారికి ఫోను చేశారు. అక్కడ రాత్రి.

“నీళ్ళెలా ఉన్నాయిరా?” అని ఆయన మొదటి ప్రశ్న.

“చల్లగా ఉన్నాయన్నయ్యా. కొత్తనీరు ఇంకా రాలేదు, జూన్‌కొస్తుంది.”

ఇక అక్కణ్ణుంచి ఇంటి దాకా మంచు, పందెం, బర్చ్ చెట్టు, కొంగలు, అన్నీ చెబుతూనే ఉన్నారు. నేను దారిలో గుడ్లూ పాలూ కొనాలని గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను.