పేరుకు మొలిచిన కోరలు

నెత్తురు తాగే జాతి పిల్లోణ్ణి పదిహేడేళ్ల పిల్ల ప్రేమిస్తుంది. 2005లో స్టెఫనీ మేయర్ రాసిన 'ట్విలైట్' కథ ఇది. ఆళ్లగడ్డలో ఉండే మా అన్న కూతురు నంద్యాల కాలేజీకొచ్చే బస్సులో దీన్ని చదివేది. సిరివెళ్ల దాటిందీ తెలిసేది కాదంట.

అందులో ఎడ్వర్డ్ ఇంటోళ్లు మనిషి నెత్తురు ముట్టరు. అడవి జంతువుల నెత్తురు తాగి, 'మేం వెజిటేరియన్లం' అని నవ్వుకుంటారు. బెల్లా ఆఖరికి వాళ్లలోనే కలిసిపోతుంది. లోకం మురిసిపోయింది. సినిమాలు కూడా తీసింది.

మరి మేమో? నెత్తురు మాకు హరామ్. ఖురాన్ రెండో సూరా 173వ ఆయత్ చూడండి. హలాల్ చేసినాక నెత్తురంతా కారిపోవాల్సిందే. అమ్మీ ముక్కల్ని నాలుగు నీళ్లు కడిగేది, అనుమానమొచ్చి ఐదోసారీ కడిగేది. అయినా నంద్యాలలో నేను బాడుగ ఇల్లు అడిగితే, పేరు వినంగానే 'వెజిటేరియన్లకే ఇస్తామమ్మా' అన్నారు. ఏం తింటావని కూడా అడగలేదు!

కోరలున్నోడి ప్రేమ మా సీమకు కొత్తదా? ఆళ్లగడ్డ పక్కనే అహోబిలం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహస్వామి చెంచులక్ష్మి దగ్గర చల్లబడ్డాడు. వేటాడి తినే చెంచులు ఆయన్ని మా అల్లుడంటారు. ఆ ఇంట్లో ఏం వండుతారని ఎవరూ ఆరా తీయలేదు.

బాడుగ సంగతి విని అన్న కూతురు అడిగింది: "ఫుప్పూ, ఎడ్వర్డ్ వచ్చి అడిగితే ఆ ఇల్లు ఇచ్చేవాళ్లా?"

"ఎందుకియ్యరు బేటా? వెజిటేరియన్ కదా."