ఏ.సీ. గార్డ్సు

హైదరాబాదులో మాసబ్ ట్యాంకు ప్రక్కనే ఏ.సీ. గార్డ్సను పేట కలదు. నగరమునకు క్రొత్తగా వచ్చినవారికి ఆ రెండక్షరములను వినినంతనే చల్లగాలి యంత్రము స్ఫురించుట సహజము. నాకును మొదట నదియే స్ఫురించినది. అవి ఆఫ్రికన్ కావల్రీ యను మాటలకు పొడియక్షరములనియు, నిజాము కొలువులో ఆఫ్రికనుల అశ్వదళమొకటి యుండెననియు, ఆ రౌతుల బిడ్డల బిడ్డలే నేటికిని ఈ సందులలో కాపురమున్నారనియు ఎరిగినవారు పేట వెలుపల మిక్కిలి అరుదు.

ఈ దళమునకు పుట్టినిల్లు హైదరాబాదు కాదు, పాలమూరు సీమలోని వనపర్తి సంస్థానము. 19వ శతాబ్దిలో వనపర్తి నేలిన రాజా రామేశ్వరరావు కూర్చుకొనిన ఆఫ్రికన్ అంగరక్షక దళము కాలక్రమమున నిజాము సేనలో చేరినది. దక్కనునకు అంతకు మున్నును ఆఫ్రికనులు క్రొత్తవారు కారు. అబిసీనియాను అరబ్బులు హబష్ అందురు గనుక ఆ దేశీయులు మనవారి నోట హబ్షీలైరి. అట్టివారిలో నొకడైన మాలిక్ అంబర్, బానిసగా చేతులు మారి వచ్చి, అహమ్మదునగర రాజ్యమును తన చెప్పుచేతలలో నడపి, జహంగీరు సేనలను ఏండ్ల తరబడి ముప్పుతిప్పలు పెట్టి 1626లో కన్నుమూసెను. అతని మేనిఛాయను జూచి నవ్వుటకు ఆ దినములలో ఎవరికైనను తీరిక యుండెనో లేదో!

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాము ఏలుబడి ముగియగా, దళమును రద్దయ్యెను. గుర్రములు పోయినవి, జీతములు పోయినవి, మనుష్యులు మిగిలిరి. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారిని వెనుకబడిన తరగతుల ‘ఇ’ విభాగమున సిద్దీ, యాబా, హబ్షీ, జాసీ యని నాలుగు పేర్లతో వ్రాసికొనినది; కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు 2003 నుండి షెడ్యూల్డు తెగగా నున్నారు. మూలమొక్కటే యైనను, గీత దాటినంతనే కాగితము వేరు.

ఒకనాటి సాయంకాలము నా ప్రక్కన టీ త్రాగుచున్న పెద్దమనిషి యొకడు, ఉంగరముల జుట్టు గల యువకుని జూచి, “ఏ దేశం బాబూ మీది?” అని ఇంగ్లీషులో అడిగెను. ఆ యువకుడు సాసరులోని టీ ఊదుకొనుచు, “ఈడనే పుట్టిన, అన్నా. మా తాత గూడ ఈడనే,” అని తెలుగున పలికి, కొట్టువానితో దక్కనీలో చిల్లర లెక్క తేల్చుకొని పోయెను. పెద్దమనిషి మాత్రము, “అయినా మొదట ఎక్కడివాళ్లో!” అని నా వైపు తిరిగెను.

ఈ నగరపు పెండ్లి ఊరేగింపులను కదలించు మర్ఫా మేళము, యెమెనులోని హద్రమౌతు నుండి వచ్చిన బార్కస్ పేట అరబ్బులును, ఈ సిద్దీలును కలిసి పెంచినది. మేళము మొదలగుటకు ముందు ముసలివాడొకడు గోడవార పాతకాగితములు రాజవేసి, దఫ్ఫు చర్మమును సెగకు త్రిప్పుచు, వ్రేలితో కొట్టి చెవి యొగ్గి వినుచుండగా చూచితిని. మన పల్లెలలో డప్పు కాచుటయు అచ్చముగ నిట్లే. నేడు ఆ మేళపు ‘తీన్మార్’ దరువు లేని బరాతు గాని, గణేశ నిమజ్జనము గాని, బోనాల జాతర గాని హైదరాబాదున లేదు.

టోలిచౌకి వైపు, పారామౌంట్ కాలనీ వంటి చోట్ల, చదువుకొనుటకై ఆఫ్రికా దేశముల నుండి వచ్చిన విద్యార్థులు అద్దెకుండుట నగరమెరిగినదే. నాకు పరిచితుడైన యొక యింటి యజమాని, వారు రాత్రులు పాటలు పెట్టి బిగ్గరగ మాటలాడుదురని, మూడునెలల అద్దె ముందే పుచ్చుకొనియు ఇల్లు ఖాళీ చేయించెను. మరునెలలో అతని కుమారుని పెండ్లి. బరాతు మా వీధి మలుపు తిరుగునప్పటికి రాత్రి పన్నెండు దాటినది. ముందు నడచినది ఏ.సీ. గార్డ్సు మేళమే. యజమాని కండువా నడుమునకు బిగించి, దఫ్ఫువాని యెదుట చేతులు పైకెత్తి ఆడుచుండెను.