గట్టు మీద నాలుగు తెరలు

నాన్న చదవడం మానేశాడని అమ్మ ఫోన్లో చెప్తే నేను నమ్మలేదు. "పుస్తకాలు బోరు కొడుతున్నాయంటున్నారే. పొద్దస్తమానం చెరువు గట్టు మీద కూచుని నీళ్ళ వంక చూస్తున్నారు" అంది. నాన్న పెదపాడు దగ్గర మూడెకరాల చేపల చెరువు కౌలుకి చేస్తాడు. పొద్దున్నే పడవలో వెళ్ళి తవుడు సంచులు కట్టి వస్తాడు. సంచుల చిల్లుల్లోంచి చేపలు మేత లాక్కుంటుంటే, తను గట్టు మీది షెడ్డులో కూచుని ఒక డిటెక్టివ్ నవలో, వారపత్రికల సీరియల్సు బైండు చేసిన పుస్తకమో తెరుస్తాడు. నాకు తెలిసిన నాన్న ఇదే. మూడేళ్ళ క్రితం కుడికంటికి శుక్లం తీయించుకున్నప్పుడు నాలుగో రోజుకే పుస్తకం పట్టుకుని అమ్మ చేత తిట్లు తిన్న మనిషి.

నాది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా వాళ్ళకి ప్రతి కష్టానికీ ఒక గాడ్జెట్ తోస్తుంది. పాత పుస్తకాల అచ్చు మరీ చిన్నది, మంచి ట్యాబ్ ఒకటి కొనిస్తే పెద్దది చేసుకుని చదువుకుంటాడు అని నేనే తీర్మానించేశాను. నెల రోజులు రాత్రిళ్ళు కూచుని వీడియోలు చూశాను. నిట్స్, పీపీఐ, రిఫ్రెష్ రేటు అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కాయి. ఆ షీట్ చూసి ఏలూరులో ఉండే మా బాబాయి కొడుకు నవ్వాడు. "అక్కా, తెర అంటే శాంసంగే. ఊరికే ఆపిల్ మోజు నీది" అన్నాడు. సరే, సంక్రాంతికి వస్తున్నాగా, పెదనాన్న చేతిలోనే పెట్టి తేలుద్దాం అన్నాను.

అలా పండక్కి ఇంట్లో నాలుగు తెరలు చేరాయి. నాది పదో తరం ఐప్యాడ్: ఎల్‌సీడీ, అంగుళానికి 264 పిక్సెళ్ళు. తమ్ముడిది గెలాక్సీ ట్యాబ్ ఎస్9: ఆమోలెడ్, 274. మూడోది అత్త కూతురిది. అది ఎనిమిదో తరగతిలో ఉండగా, 2022 డిసెంబరులో ప్రభుత్వ బడి పిల్లలకి ఇచ్చిన శాంసంగ్ ట్యాబ్ ఎ7 లైట్: 8.7 అంగుళాల ఎల్‌సీడీ, 1340×800. నాలుగోది నా పాత ఈ-రీడర్, ఆరంగుళాల ఈ-ఇంక్ తెర.

భోగి నాడు పొద్దున్నించి మేమిద్దరం ఆ 264కీ 274కీ మధ్య ఉన్న పది కోసం కొట్టుకున్నాం. తమాషా ఏంటంటే, 2017లో వచ్చిన ఐఫోన్ టెన్‌కి ఓలెడ్ తెర తయారుచేసి ఇచ్చింది శాంసంగే. 2024 ఐప్యాడ్ ప్రోకి కూడా ఓలెడ్ తెరలు శాంసంగ్, ఎల్‌జీల నుంచే వెళ్ళాయి. నాన్న ఇది విని, "మన చెరువులో బొచ్చె ఐసు పెట్టెలో కలకత్తా లారీ ఎక్కుతుంది. ఇంకో బొచ్చె ఏలూరు మార్కెట్టుకి పోతుంది. అక్కడ రేట్లు చూసి రెండూ వేరే చేపలనుకుంటారు. మీ గొడవా అంతే" అన్నాడు.

రాత్రి వీధరుగు మీద మొదటి పోటీ. తేడా నాన్నకి ఇలా చెప్పాను: ఎల్‌సీడీలో వెనకాల ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందున్న ద్రవ స్ఫటికాలు కిటికీ రెక్కల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. నలుపు కావాలంటే రెక్కలు మూయాలి, కానీ సందుల్లోంచి కాస్త వెలుగు కారుతుంది. ఆమోలెడ్ అలా కాదు. కార్తీక పౌర్ణమికి గట్టు మీద ప్రమిదలు పెట్టినట్టు, చుక్క చుక్కకీ దాని దీపం దానికుంటుంది. నలుపు కావాల్సిన చోట దీపం ఆరిపోతుంది. అందుకే దాని నలుపు అసలు సిసలు నలుపు.

రెండింటిలోనూ ఒకే కథ తెరిచిచ్చాం. తెల్లటి పేజీ రెండింటిలోనూ నాన్నకి నచ్చలేదు. "అక్షరాల చుట్టూ వెలుగు చెదురుతోందర్రా" అన్నాడు. తమ్ముడు వెంటనే రంగులు తిరగేసి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టాడు. నాన్న మొహం విప్పారింది. "ఇది కాస్త నయం." ఇంకేముంది, తమ్ముడు గెలిచినట్టే. ఆమోలెడ్ నలుపు మహిమ అని ఇల్లంతా చాటుకొచ్చాడు. నేను కూడా ఓటమి ఒప్పేసుకున్నాను.

మర్నాడు గట్టు మీద ఎండలో ఆ నలుపు నిలవలేదు. 500 నిట్స్ అని షీట్‌లో రాసుకున్న వెలుగుని సూర్యుడు లెక్కే చెయ్యడు. మెరిసే అద్దం ఏ కంపెనీదైనా అద్దమే. అందులో నాన్నకి తన మొహమూ, వెనకాల కొంగల బారూ కనిపించాయి. అప్పుడు ఈ-రీడర్ తీశాను. ఈ-ఇంక్‌లో కంటికి కనపడనంత చిన్న గుళికలు, వాటిలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు ఉంటాయి. కరెంటు ఎటు లాగితే ఆ రంగు పైకి తేలుతుంది. చదవడానికి పడ్డ వెలుతురే చాలు. ఎండ పెరిగేకొద్దీ కాగితంలా తెరుచుకుంటుంది.

కానీ తెలుగు? 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌కి ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ వరసలో మనం లేం. ఇక నాన్నకి కావలసిన పాత తెలుగు నవలలైతే ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. అవి బొమ్మలు, అందులో అక్షరం సైజు పెంచలేం, పేజీ మొత్తాన్ని పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకోవాలి. ఆరంగుళాల తెరలో పేజీ ఇరుక్కుంటే అక్షరం ఆవగింజ అయింది.

"మన ఏలూరు తివాచీ చూశావుగా" అన్నాడు నాన్న. "ముళ్ళు దగ్గర దగ్గరగా ఉంటే పువ్వు నాజూగ్గా వస్తుంది. దూరంగా ఉంటే మోటుగా వస్తుంది. ఇదీ అంతేనా?" అంతే. అంగుళానికి ఎన్ని ముళ్ళు అన్నదే పీపీఐ. ఇంగ్లీషుకి ముతక నేత సరిపోతుందేమో గానీ, ధకీ థకీ మధ్య ఒక్క చుక్కే తేడా ఉన్న లిపికి, అక్షరం కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు వేలాడే లిపికి, నాజూకు నేత కావాలి. అది తేల్చుకోవడానికి నాలుగు తెరల మీదా ఒకే సైజులో ఒక వరస టైపు చేశాను: వ, ప, ష, ఫ, ద, ధ, థ, స్త్రీ, లక్ష్మి. పిల్లదాని ట్యాబ్‌లో లక్ష్మి కింద మవత్తు కాస్త అలుక్కున్నట్టుంది. మిగతావాటిలో మాకు స్పష్టంగానే ఉంది.

నాన్న ఐప్యాడ్ తీసుకుని ఒక కన్ను మూశాడు. తర్వాత రెండోది మూశాడు. తమ్ముడి ట్యాబ్‌తోనూ అలాగే చేశాడు. మేం నవ్వుతున్నాం, పెద్ద ఇంజినీరులా చూస్తున్నాడని. మా వాదన అప్పటికి తెలుపు మీదకి మళ్ళింది. నా తెర తెలుపులో పసుపు ఉందని వాడు, వాడి తెలుపులో నీలం ఉందని నేను.

"రెంటిలోనూ రెండూ ఉన్నాయిరా" అన్నాడు నాన్న. "ఈ కంటితో చూస్తే నీలంగా ఉంది. ఈ కంటితో పసుపు నీళ్ళు పోసినట్టుంది." పసుపు నీళ్ళ కన్ను ఎడమది. దానితో ఆ వరస చదవమన్నాను. నాన్న కాసేపు చూసి, "వ... వ... వ..." అని ఆగిపోయాడు. ప, ష, ఫ అన్నీ ఆయనకి వ లే.

మా ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది. "ఎన్నాళ్ళనించి?" అన్నాను. "ఏడాదై ఉంటుంది. రేటు బాగోలేదు, పట్టుబడి అయ్యాక చూద్దాంలే అనుకున్నా. మీ అమ్మకి చెప్పకు" అన్నాడు, చెరువు వంక చూస్తూ.

కనుమ వెళ్ళగానే ఏలూరు తీసుకెళ్ళాం. ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరింది. మా నాలుగు తెరల కథంతా డాక్టరుగారు నవ్వుతూ విని, ఒక్కొక్కటే విప్పారు. శుక్లం పట్టిన కటకం పచ్చబడి నీలాన్ని అడ్డుకుంటుంది, అందుకే ఆ కంటికి తెలుపంతా పసుపు. మసక కటకం మీద వెలుగు పడితే లోపల చెదురుతుంది, అందుకే తెల్లటి పేజీ కష్టం. నల్ల పేజీలో వెలుగు తక్కువ కనక కాస్త నయం. అంటే ఆ రాత్రి ఆమోలెడ్ గెలవలేదు. నాన్న కంటి జబ్బు తన సంగతి చెప్పుకుంది, మేం దానికి మార్కులేశాం. 1923లో కుడికంటికి ఆపరేషన్ అయ్యాక చిత్రకారుడు మోనే కూడా అంతా నీలంగా కనిపిస్తోందని గోల పెట్టాడని ఎప్పుడో చదివాను. చదివి కూడా నాకు తట్టలేదు.

నన్ను ఇప్పటికీ గుచ్చేది ఆ ఎక్సెల్ షీట్. అందులో ఇరవై రెండు వరసలున్నాయి. తెర గురించి అడగదగ్గ ప్రతి ప్రశ్నా ఉంది. చూసే కన్ను ఎలా ఉందన్నది ఒక్క వరసలోనూ లేదు. "నాన్నా, కళ్ళెలా ఉన్నాయి?" అని అడగడానికి నాకు నెల రోజుల వీడియోలు అక్కర్లేదు. బోరు కొడుతోంది అన్న మాటని నమ్మడం నాకు తేలిక, కౌలు లెక్కలు చూసుకునే మనిషికి ఆ మాట అనడం అంతకన్నా తేలిక.

ఫిబ్రవరిలో ఎడమకంటికి కూడా ఆపరేషన్ అయింది. ఐప్యాడ్ ఊళ్ళోనే ఉండిపోయింది. రాత్రిళ్ళు వెలుగు బాగా తగ్గించుకుని దానిలో చదువుతాడు. పగలు గట్టు మీదకి మాత్రం ఈ-రీడర్ తీసుకెళ్తున్నాడని అమ్మ చెప్పింది. ఆ ఆవగింజలు ఎలా చదువుతున్నావని అడిగితే, "అడ్డంగా తిప్పితే సగం పేజీ తెరంతా పరుచుకుంటుందే. నువ్వన్నేళ్ళు వాడావు, ఎప్పుడూ తిప్పి చూళ్ళేదా?" అన్నాడు. చూళ్ళేదు.

తమ్ముడు ఊరుకోలేదు. ఉగాదికి వచ్చి, "పెదనాన్నా, చివరికి ఎవరిది గెలిచినట్టు?" అని తగులుకున్నాడు. నాన్న పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "నీదాన్లో సినిమా బాగుంటుందిరా. రాత్రికి పెట్టు, చూద్దాం. ఇప్పుడు మాత్రం కదపకు, హంతకుడు దొరికేలా ఉన్నాడు."