కెన్యా యనగా సింహమేనా?

“కెన్యాలో చూడదగినదేమి?” అని ఆబిడ్సునందలి మా తరగతిలో నడిగితిమి. అందఱును “సింహము” అనిరి. మొంబాసా రేవున 1593లో పోర్చుగీసువారు కట్టనారంభించిన ఫోర్ట్ జీసస్ కోటను, లాము పట్టణపు ఇఱుకు సందులలో బరువులు మోయు గాడిదలను, ఆ తీరమందలి జనులను చూడకయే మరలు యాత్రికు లనేకులు.

వారిని తప్పుపట్టనేల? నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని జంతుశాల 1963లో బహదూర్‌పురాకు తరలినను, దానిని గూర్చి యింకను ముచ్చటించుకొందుము. ఆ చేరువనే యున్న ఏసీ గార్డ్సు పేటను మఱతుము. నిజాముల ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు అను అశ్వదళమువలన దాని కా పేరు వచ్చెను. 1948 పిదప దళము రద్దయినను సిద్దీల సంతతి యిచటనే నిలిచెను. పెండ్లిండ్లలో వారి మర్ఫా వాద్యమునకు మురియుదుము, వారినే “మీదే దేశము?” అని యడుగుదుము. ఈ నగరముననే పుట్టినవారికి ఆ ప్రశ్న యెంత బాధాకరము!

బాలబాలికలారా, దూరదేశ మృగములను చూడగోరుట మంచిదే. ముందు పొరుగువారిని మనవారినిగా చూడ నేర్చుకొందము.