చెంగ్డూ నగరమున మా భోజనములు

2018వ సంవత్సరము అక్టోబరు నెలలో, మా వారి ఉద్యోగము నిమిత్తము, మేమిరువురము చీనాదేశములోని సిచువాన్ రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు చెంగ్డూకు పోయి, అచట ఐదు మాసములు కాపురముంటిమి. బయలుదేరుటకు ముందు బంధువులందరును మమ్ము చూచి జాలిపడిరి. "అచట పాములను తిందురట, కప్పలను తిందురట, మీ గతి యేమి?" అని యడుగని వారు లేరు. మా అత్తగారు మాత్రము మాటలతో ప్రొద్దుపుచ్చక, రెండు సీసాల ఆవకాయయు, ఒక డబ్బా కందిపొడియు కట్టి యిచ్చిరి. మేము చేపలు, కోడి, మేకమాంసము తిందుము గాని గోమాంసము, పందిమాంసము ముట్టము. ఆ సంగతి యెరిగినవారు గనుక ఆమె చేసిన పని మాటలకంటె మేలైనది.

మేము దిగిన యిల్లు నాలుగంతస్తుల పాతమేడ. క్రింది భాగమున ఇంటి యజమానురాలు కాపురముండెను. ఆమెకు అరువది యైదేండ్లు దాటినవి. చీనా భాషలో పిన్నిని "ఆయి" యందురు. వాడలోని వారందరి వలెనే మేమును ఆమెను ఆయి యనియే పిలిచితిమి. మా పై యంతస్తున ఒక పాఠశాలలో ఇంగ్లీషు నేర్పుచున్న యొక ఆంగ్ల వనిత యుండెను. మాలో మేము ఆమెను దొరసాని యనుకొనుట అలవాటైనది. ఆమెకు చీనా భాష చక్కగా వచ్చును. మాకును ఆయికిని నడుమ తరచుగా ఆమెయే ద్విభాషి.

విచిత్రమేమనగా, ఆ భాష ఆమె నాలుకకు వచ్చినది గాని ఆ దేశపు భోజనము రాలేదు. అప్పటికి మూడు మాసముల నుండి ఆమె రొట్టె, ఉడికించిన గ్రుడ్లు, దూరపు అంగడినుండి అధిక వెలకు కొనితెచ్చుకొన్న జున్నుముక్కలు, వీనితోనే కాలము గడుపుచుండెను. బుగ్గలు లోపలికి పోయినవి. సంవత్సరాంతమున ఉద్యోగము మాని స్వదేశమునకు పోవుదునని మొదటి పరిచయములోనే చెప్పెను. ఆమెకు కారము కాదు కష్టము, ఎముకలు. అచట కోడిని ఎముకతో కూడ చిన్న ముక్కలుగా నరికి వండుదురు. ముక్కను నోట వేసికొని, నాలుకతో మాంసము నొలిచి, ఎముకను మెల్లగా బయటకు తీయవలెను. కోడికాళ్లను గోళ్లు తీసి వండి ఇష్టముగా కొరుకుదురు. "ఇది తినుట కాదు, నోటితో కూలిపని చేయుట" అనెను దొరసాని. మంచుగడ్డ వేసిన నీరడిగినచో భోజనశాలలో వేడినీళ్లు తెచ్చి పెట్టుదురని మరియొక ఫిర్యాదు.

మేము లోలోపల నవ్వుకొంటిమి. అన్నమున్నది, మిరపకాయ యున్నది, వేడినీళ్లు మనకు క్రొత్త కాదు. మాకేమి లోటని గర్వించితిమి. ఆ గర్వము నాలుగు దినములు నిలిచినది.

ఐదవ దినమున ఒక భోజనశాలకు పోయి, పట్టికలో "నీట ఉడికించిన చేప" యను పేరు చూచి, ఇది పథ్యపు వంటకము వలె నున్నదని తెప్పించుకొంటిమి. వచ్చినది గంగాళమంత పాత్ర. దాని నిండ ఎఱ్ఱని నూనె, పైన దోసెడు ఎండుమిరపకాయలు, అడుగున ఎచటనో తెల్లని చేపముక్కలు. నూనెను మేము పులుసనుకొంటిమి. అన్నము తెప్పించుకొని, గరిటెలతో తోడి, కలిపి, తింటిమి. ప్రక్కబల్లవారు పుల్లలు చేతపట్టుకొని అట్లే చూచుచుండిరి. ఆ రాత్రియు, మరునాడును మేము పడిన బాధ వ్రాయదగినది కాదు.

విషయము తెలిసి ఆయి ఒక గిన్నెలో మెత్తగా జావవలె కాచిన అన్నమును, చిన్న పళ్లెములో ఊరవేసిన ముల్లంగిముక్కలను తెచ్చెను. అది చూచినంతనే ప్రాణము లేచివచ్చినది. అది మన గంజియన్నమే! ఊరగాయ నంజుకొని గంజి త్రాగుట మనకొకరు నేర్పవలెనా? ఆమె ప్రక్కన కూర్చుండి, దొరసాని నోట మాకు మొదటి పాఠము చెప్పెను. ఆ నూనె తినుటకు కాదు. వేడిని, వాసనను నిలుపుటకు. ముక్కలను పుల్లలతో తీసికొని నూనెను గిన్నెలోనే విడిచిపెట్టవలెను. ఇక విందులలో చల్లని వంటకములు ముందు, వేడివి తరువాత, అన్నము కట్టకడపట, ఊరగాయతోడను పలుచని చారుతోడను. మనము అన్నమును నడుమ పెట్టుకొని తక్కిన వానిని దానిలో కలుపుదుము. వారు కూరలను నడుమ పెట్టుకొని అందరును ఆ గిన్నెలనుండియే తీసికొందురు. ఈ యొక్క సంగతి తెలియక మేము ప్రతి విందులోను అన్నమునకై ఎదురుచూచి, ఉత్తకూరలు తిని నోరు కాల్చుకొనుచుంటిమి.

ఆ నోరు కాలుటలో సగము మిరపకాయ పని కాదు. హువాజ్యావ్ అను చిన్న ఎఱ్ఱని కాయల పైపొట్టును వారు పెక్కు వంటలలో వేయుదురు. దీనిని మిరియమని యందురు గాని మన మిరియమునకు దీనికి చుట్టరికము లేదు. ఇది నిమ్మ, మారేడు, కరివేపాకుల కుటుంబమునకు చెందినది. నోట పడిన కొంతసేపటికి పెదవులును నాలుకయు తిమ్మిరెక్కి జుమ్ము జుమ్మనును. 2013లో లండనులోని పరిశోధకులు కొందరు ఈ జుమ్మనుటను కొలిచి, సెకనుకు ఇంచుమించు 50 మారుల అదురుతో సమానమని తేల్చిరి. నిమ్మతోటలకు తెగులు తెచ్చునను భయమున అమెరికావారు 1968 నుండి 2005 వరకు దీని దిగుమతిని నిషేధించిరి. కావున పాశ్చాత్యులలో పెక్కుమందికి ఇది తెలియకపోవుట వింత కాదు. మనకు తెలియకపోవుటయే వింత. దీని జ్ఞాతి యొకటి మన కొండలలో పెరుగుచున్నది. 18వ శతాబ్దపు చివర సామర్లకోటలో నుండి మన చెట్లను పరిశోధించిన రాక్స్‌బరో దొర, కొండవారు దీని నీడను రచ్చతీర్చుదురు గనుక రచ్చమాను అందురని విని, ఆ తెలుగు పేరునే లాటినులోనికి తీసికొనెను. అచట నోటికి తిమ్మిరి నిచ్చునది, ఇచట సభకు నీడ నిచ్చినది.

ఆయి వంటయింట మా కన్ను పడినది ఊరగాయ జాడీ. దాని మెడ చుట్టును గాడి వలె చిన్న తొట్టి యుండును. మూతను బోర్లించి ఆ గాడిలో నీరు పోయుదురు. లోపలి పొంగు బుడగలై బయటకు పోవును గాని బయటి గాలి లోనికి రాదు. లోపల ఉప్పునీరు, అల్లము, మిరపకాయలు, హువాజ్యావ్, కొంచెము సారాయి. ముల్లంగి, క్యాబేజీ, చిక్కుడుకాయ, ఏది దొరికిన నది వేయుదురు. చుక్క నూనె లేదు. ఆ నీటిని పారబోయక, ఉప్పు కలుపుచు ఏండ్ల తరబడి నడుపుదురు. తన జాడీలోని నీరు అత్తగారి కాలము నాటిదని ఆయి చెప్పెను. ఆ నగరమునకు చేరువనే పీషియాన్ అనుచోట మిరపకాయలను, ఒకజాతి పెద్ద చిక్కుడుగింజలను ఉప్పుతో కలిపి, మట్టిజాడీలలో ఎండకు మూతతీసి, వానకు మూతవేసి, నెలల కొలది ఊరబెట్టిన ముద్దయే అచటి వంటలకు జీవము. ఎండకు వానకు జాడీవెంట పరుగెత్తుట మన యాడవారికి చెప్పవలెనా?

మా ఆవకాయను ఆమె రుచిచూచినది కూడ అప్పుడే. ఆవఘాటు ముక్కునకెక్కి కన్నుల నీరు తిరిగినది. వెంటనే నవ్వి, మరికొంచెము తీసికొని తన సేమ్యాలలో కలుపుకొనెను. మిరపకాయ అమెరికా ఖండమునుండి ఐరోపా ఓడల మీద వచ్చినది. చీనా గ్రంథములలో 1591 నాటి యొకదానిలో దాని ప్రస్తావన గలదు. మనకు దానిని తెచ్చినవారు పోర్చుగీసులు. ఈ మాట చెప్పినప్పుడు దొరసాని "అయినచో ఇది మా వారి తప్పే" యనెను.

ఆయి వండినవానిలో మాకు మొదట నచ్చినది వంకాయ. దాని పేరు "చేపవాసన వంకాయ". చేప మాత్రము లేదు. చేపకు వాడు అల్లము, వెల్లుల్లి, ఊరవేసిన మిరపకాయ, చక్కెర, వెనిగరులతో వండుటచే ఆ పేరు వచ్చినది. చేపపేరు పెట్టి వంకాయ, నీటి పేరు పెట్టి నూనె: అచట పేరు చూచి తినరాదు. 1862 ప్రాంతమున చెంగ్డూలో స్ఫోటకపు మచ్చల ముఖముగల యొక గృహిణి వండి ప్రసిద్ధికి తెచ్చినదను మాపో దౌఫులో గోమాంసపు తురుము వేయుదురు. ఆయి మా కొరకు పుట్టగొడుగులు తరిగి వేసెను. దౌఫు అనగా సోయా పాలను విరిచి అచ్చువేసినది. "మాంసము" అని మాత్రమే అన్నచో అచట పందిమాంసమని యర్థము. సందేహము వచ్చిన దినములలో మేము మంజుశ్రీ పేర వెలసిన వెన్‌షూ విహారమునకు పోయి శాకభోజనము చేయుచుంటిమి. 502 మొదలు 549 వరకు ఏలిన ల్యాంగ్ వంశపు వూ చక్రవర్తి భిక్షువులు మాంసము విడువవలెనని కట్టడి చేసిన నాటినుండి ఆ వంట వృద్ధిపొందినది. మాకు తుదివరకు తీరని లోటు పెరుగు. అంగడిలోనిది చక్కెర కలిపిన పెరుగు. దానితో అన్నము కలుపుకొన్ననాడు మా వారు మాటాడక లేచిపోయిరి.

డిసెంబరు నాటికి ఆవకాయ యైపోయినది. సీసా అడుగును గరిటెతో గీకుచున్నప్పుడు మాకు సిగ్గువేసినది. దొరసాని జున్నుకును మా ఆవకాయకును భేదమేమి? ఆమె బహిరంగముగా చేసినది మేము గది తలుపు వేసికొని చేసితిమి.

ఒకనాడు ఆయి యింట జెల్లీచేప తెచ్చి పెట్టిరి. సన్నగా తరిగిన, రంగులేని, పటపటలాడు పీలికలు. "దీనికి రుచియే లేదు, ఎందుకు తిందురు?" అని దొరసాని మమ్మడిగెను. మాకును తోచలేదు. ఆయి "కౌగాన్" అను మాట చెప్పెను. నోటికి తగులు తీరని దాని భావము. మెత్తన, కరకర, జారుట, సాగుట, వీనికై కూడ వారు తిందురు. అప్పుడు మాకు తాటిముంజలు జ్ఞప్తికి వచ్చినవి. ముంజలో రుచి యెంత? అయినను వేసవిలో దానికై ప్రాకులాడుట దేనికి? ఆ జారుటకు, ఆ చల్లదనమునకు కాదా? మునగకాడను నమలి పిప్పి తీసివేయుదుము గదా, కోడి యెముక మాత్రము చేసిన పాపమేమి? మేమిది చెప్పగా దొరసాని చాలసేపు ఆలోచించి, తమ దేశమున ఇట్టిది లేదనెను. మరునాడు ఆమె మాకొక పుస్తకము తెచ్చి యిచ్చెను. 1994లో ఇదే నగరమునకు చదువుకై వచ్చి, పాకశాస్త్ర పాఠశాలలో చేరి వంట నేర్చిన ఫ్యూషియా డన్‌లప్ అను ఆంగ్ల వనిత 2008లో ప్రకటించిన గ్రంథమది. ఆమెకు కూడ 1992లో హాంకాంగులో మొదటిసారి చూచిన నల్లగ్రుడ్డు రోత పుట్టించినదట.

ఆ నల్లగ్రుడ్డును గూర్చియే దొరసానికిని ఆయికిని మనస్పర్థ. బాతుగ్రుడ్లను సున్నము, బూడిద, ఉప్పు మొదలగు వానిలో వారముల కొలది ఉంచినచో తెల్లసొన ముదురు తేనెరంగు జెల్లీగాను, పచ్చసొన ఆకుపచ్చగాను మారును. దొరసాని వచ్చిన క్రొత్తలో ఆయి ఎదురుగనే దానిని చూచి ముఖము త్రిప్పుకొని, చేతిగుడ్డ ముక్కునకు పెట్టుకొనెను. ఆయి ఏమియు ననక గిన్నె తీసికొనిపోయినది. మరల ఆమెను భోజనమునకు పిలువలేదు. దొరసాని చిక్కిపోవుటకు సగము కారణ మిదియే యని మాకు తరువాత తెలిసినది.

క్రిస్మసు పండుగనాడు దొరసాని మమ్మును, ఆయిని తన గదికి పిలిచి నీలిచారల జున్ను పెట్టెను. ఆ వాసనకు మేమే వెనుకకు జరిగితిమి. చీనాలో పెద్దవారిలో హెచ్చుమందికి పాలు జీర్ణము కావు. ఆయి ముఖము తెల్లబోయినది. చెడిన పదార్థము పెట్టితివా యని ఆమె అడుగునని భయపడితిమి. ఆమె యడుగలేదు. ముక్కను నోట వేసికొని, కన్నులు మూసికొని, మెల్లగా నమిలి మ్రింగి, వేడినీళ్లు త్రాగి, "క్రొత్త రుచి" యని మాత్రమనెను. దొరసాని చూపు క్రిందికి వాలినది.

2019 ఫిబ్రవరి 4వ తేదీ వారి సంవత్సరాంతపు రాత్రి. ఆయి యింటి వసారాలో నెలనాళ్లుగా ఎండుచున్న పంది సాసేజిలు, పొగబట్టిన మాంసము తమవారి కొరకు. మా కొరకు వేరుగా కోడి, చేప. చీనా భాషలో చేప యను మాటయు మిగులు యను మాటయు ఒకే విధముగా వినబడును గనుక ఆనాడు చేపను పూర్తిగా తినక కొంత విడిచిపెట్టుదురు. ఈసారి ఆయి దొరసానిని కూడ పిలిచెను. బల్లపై చివర నల్లగ్రుడ్లు, కాల్చిన పచ్చిమిరపకాయలతో. ఆయి ఆ పళ్లెమును ఆమెకు దూరముగా జరిపెను. దొరసాని లేచి, చేయిచాచి, ఒక చెక్క తీసికొని తినెను. కన్నులు మూసికొనలేదు. రెండవది తినలేదు గాని, అట్లు తినవలసిన యవసరము కూడ లేకపోయెను. ఆయి తన పుల్లలతో ఎముకలు లేని కోడిముక్క నేరి ఆమె గిన్నెలో వేసెను.

దొరసాని ఉద్యోగము మానలేదు. మార్చిలో మేము బయలుదేరునాడు ఆయి తన జాడీలోని పాతనీటిని ఒక సీసాలో పోసి యిచ్చెను. కాకినాడలో గాడిజాడీ దొరకక మామూలు జాడీకే గుడ్డకట్టి, ఉప్పు చేర్చుచు నడుపుచున్నాము. మొదట వేసిన దోసకాయముక్కలు ఊరిన తరువాత మా అత్తగారొకటి నోట వేసికొని, కొంతసేపు నమలి, "ఇందులో నూనె యేదే?" అని యడిగిరి.